ఫ్లెక్సీ మూలన నా ఫొటో

శుక్రవారం, ఎమ్మిగనూరు

నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని మా ఇంట్లో అనుకుంటారు. మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు ఈసారి ఆడవాళ్లకు రిజర్వు అయిందని తెలియగానే అన్న పోటీకి నా పేరు ఊరంతా చెప్పి వచ్చాడు. నన్ను మాత్రం అడగలేదు. ఈ సాయంత్రం ఫోన్లో ఫ్లెక్సీ నమూనా చూపించాడు. చేతులు జోడించి నిలువెత్తున అన్న, కింద మూలన పాస్‌పోర్టు ఫొటోలో నేను.

"నువ్వు సంతకాలు పెట్టు సాలు పాపా. తిరిగేదంతా నేను సూసుకుంటా."

పొద్దున ఆదోని కాలేజీలో నేను పాఠంలో చెప్పిన అమెరికా రాష్ట్ర గవర్నర్ ఒకడు గుర్తొచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దపు మనిషి. బడికి పోని దర్జీ. భార్య దగ్గర రాయడం నేర్చుకుని, ఊరూరా తిరిగి ఓట్లడిగి గవర్నర్ అయ్యాడు. బానిసల్ని పెట్టుకున్నవాడు, అందుకే అతనంటే గౌరవం లేదు. కానీ తన ఓట్లు తనే అడిగాడు. అదే నన్ను వదలడం లేదు.

అన్నం తింటూ ఆ సంగతి ఎత్తాను.

"ఆ గవర్నర్‌కు మన వార్డులో ఓటుండాదా?" అన్నాడు అన్న. మగ్గం దిగి వచ్చిన నాన్న కూడా నవ్వాడు.

"అన్న ఉండాడు కదమ్మా, నీకెందుకు భయం?" అంది అమ్మ.

నాది భయమనుకుంది. క్లాసంతా విన్న కథ వినడానికి ఇంట్లో ఒక్కరూ లేరు. నా ఓట్లు నేనే అడిగి ఓడితే నవ్వుతారు, సరే. గెలిస్తే అన్న నాతో మాట్లాడతాడో లేదో...

రేపు నామినేషన్ వేస్తాను. ఫ్లెక్సీ మీద అన్న ఫొటో ఉండదు.