పార్సిల్లో పచ్చ అంచు

ఒరే తమ్ముడూ, చెట్టు కొట్టే అతను వస్తే గుమ్మంలోంచే పంపించెయ్. గొడ్డలితో పెరట్లో అడుగు పెట్టనివ్వకు.

నువ్వు తెప్పించిన విదేశీ అంజూర కొమ్మలు పార్సిల్లో వచ్చాయి. విప్పి చూశాను. కట్టకి చుట్టి ఉన్నది నా పాత పచ్చ చీర అంచురా! పోయిన వారం మన పెరట్లో అంజూర చెట్టు కొమ్మలు కోసి నీ మొక్కల గ్రూపులో ఎవరికో ఊరికే పంపావు చూడు, వాటికి నేను కట్టిందే. ఎన్ని చేతులు మారాయో గానీ, నా ముడి కూడా విప్పకుండా తిరిగి నీకే అమ్మారు!

ఈ రకానికి చోటు కావాలనేగా మన చెట్టు కొట్టిస్తానన్నావు? రెండూ ఒకటేరా! డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా.

అన్నట్టు, పెట్టె మీద "అరుదైన రకం, ప్రాణంలా చూసుకోండి" అని రాశారు. దొంగవెధవలు చెప్పినా ఆ ఒక్క మాట విను. ముందు వెళ్ళి మన చెట్టుకి నీళ్ళు పొయ్యి.