సత్యమ్మ ఫిల్ము మీద రెండో మచ్చ

బాన్సువాడ, జూలై 2003

బిడ్డ రోజారాణికి నీ పెదబాపు పండరి దీవెనలు.

మీ పెద్దమ్మ సత్యమ్మ కార్జంలో, అదే లివరులో, మచ్చ కనబడింది. కాన్సరో, ఉత్త గడ్డో తేలాలంటే సూదితో ముక్క తీయాలని డాక్టరు అన్నాడు. "గా సూది నాకొద్దు" అని మీ పెద్దమ్మ మంచం దిగడం లేదు. ఫొటో చూసి ఏది మంచి మచ్చో, ఏది చెడ్డ మచ్చో చెప్పే మిషను నువ్వు హైదరాబాదులో తయారు చేస్తున్నావుగా, అందుకే ఆమె ఎమ్మారై ఫిల్ములు పంపుతున్నాను. మా తమ్ముని బిడ్డ మిషను చేసిందని బస్టాండు దాకా అందరికీ చెప్పాను.

నీ పెదబాపు

తా.క. ఫిల్ములు మీ పెద్దమ్మే కట్టి ఇచ్చింది. కొత్త ట్రాక్టరుకు ఎంత శ్రద్ధ పెట్టిందో వీటికీ అంతే పెట్టింది.

హైదరాబాద్

పెదబాపుకు నమస్కారాలు.

అది మిషను కాదు పెదబాపూ, కంప్యూటర్ ప్రోగ్రాం. డాక్టర్లు ఇదివరకే తేల్చిన ఫిల్ములు చూపించి దానికి నేర్పాను. రక్తంలోకి మందు ఎక్కించాక కాన్సర్ మచ్చ చప్పున మెరిసి చప్పున మాసిపోతుంది. రక్తనాళాల గడ్డయితే అంచుల నుంచి మెల్లగా నిండుతుంది. పెద్దమ్మ మచ్చ మెల్లగానే నిండింది, అందుకని మంచిదేనని ప్రోగ్రాం అంది. కానీ చివరి ఫిల్ములో రెండో మచ్చ పట్టుకుంది. డాక్టరు రిపోర్టులో అది లేదు. చెడ్డదేమోనని అంటోంది. మా డాక్టరు ప్రేమల మేడమ్ ఊరి నుంచి రాగానే చూపిస్తాను.

రోజారాణి

తా.క. ఎవ్వరికీ చెప్పకు.

బాన్సువాడ

బిడ్డకు పెదబాపు దీవెనలు.

కళ్ళద్దాలు కనబడక నీ ఉత్తరం పక్కింటి బుచ్చన్నతో చదివించాను. ఆయన గొంతు నీకు తెలుసుగా, పిట్లం బస్సు ఆగి విన్నది. డాక్టరు చెప్పని మచ్చను మా బిడ్డ పట్టిందని ముందు ఛాతీ విరుచుకున్నాను. ఆ మచ్చ ఎవరిదో తర్వాత గుర్తొచ్చింది. ఇల్లంతా చుట్టాలు. మీ పెద్దమ్మ పాడి బర్రెను కోటగిరిలో చెల్లెలికి తోలించింది. నన్ను తిట్టడం మానేసింది బిడ్డా. ఇన్నేళ్ళ కాపురంలో ఇట్లా ఎప్పుడూ లేదు. నాకు చాలా భయంగా ఉంది.

నీ పెదబాపు

తా.క. బుచ్చన్న తన బర్రెను లారీలో తెస్తాడట. చూడి కట్టిందో లేదో నీ మిషను చెప్తుందా?

హైదరాబాద్

పెదబాపూ, పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదువు. నువ్వే చదువు.

ప్రేమల మేడమ్ ఫిల్మును లైటు ముందు పెట్టి, స్పిరిటు దూదితో తుడిచారు. రెండో మచ్చ దూదికి వచ్చేసింది, ఎర్రగా. అది కుంకుమ. నల్లటి ఫిల్ము మీద నా కంటికి ఆనలేదు గానీ, ఫిల్మును కంప్యూటర్లోకి ఎక్కించే స్కానరుకు ఆనింది. అసలు మచ్చ రక్తనాళాల గడ్డేనని మేడమ్ కూడా తేల్చారు. సూది అక్కర్లేదు. ఆరు నెలలకు మళ్ళీ ఫిల్ము తీయిస్తే చాలు.

ఇక్కడ అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. బొట్టు కూడా తెలియని ప్రోగ్రాం చేశానని సిగ్గుగా ఉంది.

రోజారాణి

తా.క. మూలన పసుపు కూడా ఉంది.

బాన్సువాడ

బంగారు బిడ్డకు పెదబాపు, పెద్దమ్మల దీవెనలు.

నేనే చదివాను. కళ్ళద్దాలు నెత్తి మీదే ఉన్నాయి. చదువుతూ ఏడ్చాను. మీ పెద్దమ్మ నా అద్దాలు తుడిచి ఇచ్చి, తిట్టడం మొదలుపెట్టింది. ఇంకా ఆపలేదు. బర్రె తిరిగి వచ్చింది.

నువ్వెందుకు సిగ్గుపడతావు? నేను బస్టాండులో చెప్పేశాను: "గింతంత బొట్టును పట్టిన మిషను, ఉన్న రోగాన్ని విడుస్తదా?"

రోగం పోవాలని బొట్టు పెట్టావా అని మీ పెద్దమ్మను అడిగాను. కాదట. "నా రోగానికి బొట్టెందుకు పెడ్త? బిడ్డ మిషనుకు మనింట్ల నుంచి పోతున్న మొదటి పని. బిడ్డకు పేరు రావాలని పెట్టిన" అంది.

నీ పెదబాపు

తా.క. ఆరు నెలల తర్వాత ఫిల్ము మీద బొట్టు ఎక్కడ పెట్టాలో నువ్వే రాయాలట. పెట్టకుండా మాత్రం పంపదట.