మూడోసారి తీసిన చీటీ

భివండి,
భాద్రపదం, ఆదివారం

చిరంజీవి తమ్ముడు సాంబయ్యకు అక్క రాజమ్మ మనసారా దీవించి రాస్తున్నది.

బతుకమ్మకు బిడ్డను తీసుకుపోతానని, పెత్రమాస అమావాస్యకు ముందే కాజీపేటలో బండెక్కుతానని నువ్వు రాసిన కార్డు నిన్న అందింది. అందుకే ఇప్పుడు కలం పట్టాను. ఇన్నాళ్లు నేను రాసినవన్నీ కార్డులే. కార్డు మీద "అందరం క్షేమం" కంటే ఎక్కువ పట్టదని నాకు నేనే చెప్పుకున్నాను. కార్డునైతే పోస్టుమ్యాన్ చదువుతాడు, మగ్గాల కాడ కూర్చున్నవాళ్లు చదువుతారు, చివరికి మరదలు కమల చదివించుకుంటుంది. ఈసారి కవరు కొన్నాను. దీన్ని నువ్వొక్కడివే చదువు.

అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? కమల, చిన్నది పద్మ బాగున్నారా? కొత్తవాడలో జంపఖానాల పని నడుస్తున్నదా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నీ అల్లుడు శంకర్ బాగానే ఉన్నాడు. నీ బిడ్డ సుజాత ఈ పొద్దు లేచి కూర్చొని నాలుగు మెతుకులు తిన్నది. ఆ మాట ముందే రాస్తున్నాను. మిగతాది చదివేటప్పుడు దాన్ని గుర్తు పెట్టుకో.

ఇక్కడ వాన ఇంకా వదలలేదు. ఉతికిన బట్టలు మూడు రోజులైనా తడిగానే ఉంటాయి. మీ బావ పోయాక నేనూ శంకరూ ఇక్కడికి వచ్చి మూడేళ్లయింది గాని, ఈ పవర్‌లూమ్‌ల మోతకు నా చెవులు ఇంకా అలవాటు పడలేదు. మన చేతిమగ్గం ఆగితే మనిషి ఆగినట్టు తెలిసేది. ఇక్కడ ఏదీ ఆగదు. మన పెరట్లో బచ్చలి తీగ, మీ గొంతులు, భద్రకాళి గుడి మెట్లు గుర్తొస్తే ఒక్కదాన్నే గోడ వైపు తిరిగి కూర్చుంటాను. అయినా ఫికరు చేయకు, బతుకుతున్నాం.

ఆషాఢంలో సుజాతకు ఆయాసం మొదలైంది. కింది నల్లా దగ్గర బిందె ఎత్తుకొని మెట్లెక్కి వచ్చి, గడప మీదే కూలబడేది. పక్కింటి అంజవ్వ, మన కరీంనగర్ వైపు మనిషే, చూసి నవ్వింది.

"ఏం రాజమ్మా, కోడలు నీళ్లు పోసుకున్నట్టున్నది. దావతు ఎప్పుడు?"

నేనూ అదే అనుకొని శివునికి కొబ్బరికాయ మొక్కాను. నెల తిరిగేసరికి సుజాత పడుకుంటే దగ్గు, కూర్చుంటే నయం. దిండ్లు గోడకు ఆనించి, కూర్చునే నిద్రపోయేది. ఒక పొద్దు ఉమ్మిలో నెత్తురు జీర కనబడింది. ఇక్కడి డాక్టరు బొంబాయి పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. బస్సులో థానే దాకా, అక్కడి నుంచి లోకల్ బండి. ఆ బండిలో ఆమెను నిలబెట్టి తీసుకుపోయిన రోజు నేను పడ్డ బాధ నీకు రాయలేను.

అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ ఉన్నది. నాకు ఆడపిల్ల పుట్టి ఉంటే ఆ ఈడే ఉండేది. హిందీలో మాట్లాడుతుంది. మనం వరంగల్లులో నేర్చుకున్న ఉర్దూ అక్కరకు వచ్చింది. సుజాతను పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లని జిగురు పూసి, ఒక చిన్న పరికరాన్ని ఆనించింది. పక్కన టీవీ వంటి పెట్టెలో గుండె కనబడింది, తమ్ముడూ. నలుపు తెలుపుల్లో, వానలో చూసినట్టు. మన సుజాత గుండె అట్లా కొట్టుకుంటుంటే చూసి నాకు దండం పెట్టాలనిపించింది. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. గుండె లోపల రెండు రేకుల తలుపు ఒకటి ఉంటుందట. నెత్తురు వచ్చినప్పుడల్లా అది బార్లా తెరుచుకోవాలి. సుజాతకు ఆ రేకులు అంచుల దగ్గర అతుక్కుపోయి, సందు మాత్రమే మిగిలింది. నెత్తురు వెనక్కు నిలిచి ఊపిరితిత్తుల్లో నిండుతున్నది. ఆయాసం అందుకే.

"చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?" అని అడిగింది.

నాకు వెంటనే మతికి వచ్చింది. సుజాతకు తొమ్మిదేళ్లప్పుడు కమల పుట్టిల్లు మరిపెడలో ఉండగా మోకాళ్లు, మణికట్లు వాచి ఇరవై రోజులు మంచం మీద ఉన్నది కదా. వావిలాకు కాపడం పెట్టాం, తాయెత్తు కట్టించాం, తగ్గింది అనుకున్నాం. ఆ జ్వరమే గుండెను పట్టిందట. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. అప్పుడు ఎవరికీ తెలియదని చెప్పింది. నువ్వు దీనికి కుమిలిపోకు. కానీ ఒకటి మాత్రం నా మాట విను. పద్మకు గొంతు నొప్పితో జ్వరం వచ్చినా, కీళ్లు వాచినా, ఆకుపసర్లు పెట్టకుండా ఆ రోజే దవాఖానకు తీసుకుపో. ఇది మరువకు.

తర్వాత తొడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి, లోపలి ఒత్తిడి కొలిచారు. మందు వదిలి ఎక్స్‌రే బొమ్మలు తీశారు. సుజాత తెలివిగానే ఉన్నది. బయటికి వచ్చి, "అత్తా, లోపట ఏదో చేప తిరిగినట్టయింది" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకే నవ్వు రాలేదు.

అప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి పాతది. రొమ్ము కింద పక్కటెముకల నడుమ కోసి, వేలితో ఆ రేకులు విడదీస్తారు. ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. రెండోది కొత్తది. అదే సన్నని గొట్టం చివర పిల్లలు ఊదే బుగ్గ వంటిది ఉంటుంది. దాన్ని తలుపు సందులోకి పంపి ఉబ్బిస్తే రేకులు విడిపోతాయి. కోత లేదు, కుట్లు లేవు. రెంటిలో ఏది మేలో తేల్చడానికి పరిశోధన చేస్తున్నారట. ఒప్పుకున్నవాళ్లకు వరుసగా ఒక్కొక్క మూసిన కవరు తెరుస్తారు. లోపల కోత అని ఉంటే కోత, బుగ్గ అని ఉంటే బుగ్గ. ఆ తర్వాత కూడా పిలిచి, గుండె బొమ్మ తీసి, గొట్టం పంపి కొలిచి రాసుకుంటారు.

కాగితం హిందీలో ఉంటే నేనే అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాను. మెట్రిక్ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కదా. "ఏ చికిత్స మేలైనదో ఇంకా తెలియదు" అనే వరుస కూడా చదివాను. చదివి కూడా సుజాత సంతకం కింద నా సంతకం పెట్టాను.

నేనెందుకు పెట్టానో నీకు చెప్తే అర్థమవుతుంది. కవరు మాట వినగానే నా మనసు కుదుటపడింది. ఇంత పెద్ద దవాఖాన వాళ్లు కూడా మన ఇంట్లో నాన్న చేసినట్టే దేవుని అడుగుతున్నారు అనుకున్నాను. దారి రెండుగా చీలినప్పుడు నాన్న రెండు చీటీలు రాసి, మడిచి, శివుని పటం ముందర పెట్టి ఒకటి తీయించేవాడు కదా. శంకర్‌కు సుజాతను చేసుకోవడం కూడా అట్లా తేలిందే. అంజవ్వకు చెప్తే ముక్కు మీద వేలేసుకున్నది.

"దవాఖానల చీటీలు తీస్తరా? మరి వేలం పాట గూడ ఉంటదా అవ్వా?"

కవరు తెరవడానికి ముందు రోజు సోమవారం. ఉపవాసం ఉన్నాను. దీపం ముట్టించి, రెండు చీటీలు రాశాను, కోత అని ఒకటి, బుగ్గ అని ఒకటి. రేపు కవరులో ఏం వస్తుందో ముందే తెలిస్తే ధైర్యంగా ఉంటుందని నా ఆశ. కళ్లు మూసుకొని తీశాను. కోత వచ్చింది. సరిగ్గా తీయలేదు అనుకొని మళ్లీ మడిచి కలిపాను. మళ్లీ కోతే వచ్చింది. ఒక్కసారే అడగాలి, రెండోసారి అడిగితే దేవుని నమ్మనట్టే అని నాన్న చెప్పిన మాట చెవిలో వినబడుతూనే ఉన్నది. అయినా సుజాతను పిలిచి, "నువ్వు తియ్యి బిడ్డా" అన్నాను. అంతకు ముందు రెండుసార్లు తీశానని చెప్పలేదు. ఆమె చేతికి బుగ్గ వచ్చింది.

సుజాత ముఖం వెలిగిపోయింది. "చూసినవా అత్తా, దేవుడు కోత వద్దన్నడు" అని చీటీని కండ్లకు అద్దుకొని రవికెలో దాచుకున్నది.

మర్నాడు దవాఖానలో ఇనుప బీరువాలోంచి కవరు తెచ్చి, మా ముందే చింపారు. కోత అని ఉన్నది.

సుజాత మంచం దిగింది. "నేను చేయించుకోను. ఇంటికి పోదాం" అన్నది. నేను డాక్టరమ్మ చేతులు పట్టుకున్నాను. ఆ కవరు మార్చి ఇంకొకటి తీయమని బతిమిలాడాను.

"అమ్మా, మారిస్తే మేము తెలుసుకునేదంతా అబద్ధమైపోతుంది" అన్నది ఆ పిల్ల మెల్లగా.

"అయితే నువ్వే చెప్పు తల్లీ, నీ చెల్లెలైతే ఏది చేయిస్తావు?"

"నాకు తెలిస్తే కవరు ఎందుకమ్మా? నాకు తెలియదు. మా పెద్ద డాక్టరుకు కూడా తెలియదు. రెండూ మంచివే అనుకుంటున్నాం. అంతే తెలుసు."

పరిశోధన వద్దంటే మానుకోవచ్చు, అప్పుడు కూడా మామూలుగా ఆపరేషన్ చేస్తాం అన్నది. బుగ్గ మాత్రం పరదేశం నుంచి కొన్నే వచ్చాయి, కవరులో వచ్చినవాళ్లకే వాడతారు. ఎట్లా చూసినా సుజాతకు మిగిలింది కోతే. ఆలస్యం చేయవద్దని, తలుపు ఇంకా మూసుకుంటే ఏ రోజైనా ఊపిరి నిలిచిపోవచ్చని కూడా చెప్పింది.

ఇంటికి వచ్చాం. శంకర్ పని మానుకొని బతిమిలాడాడు. అరిచాడు. సుజాతది ఒకటే మాట. "దేవుడు ఒకటి చెప్తే వీళ్లు ఇంకోటి చేస్తాండ్రు. నేను పోను బావా." వాడు నా వైపు తిరిగాడు. "అమ్మా, చీటీ తీయించింది నువ్వే. ఇప్పుడు నువ్వే చెప్పు."

నేను ఉప్పు లేని అన్నం కలిపి పెట్టాను, సుజాత తినలేదు. మీరు పంపిన మామిడి తొక్కు జాడీని బియ్యం డబ్బాలో దాచాను. ఇంతకు ముందు ఒకసారి దాని మూత నాకుతూ దొరికింది గాని, ఇప్పుడు దాని జోలికి కూడా పోలేదు. ఇగ తొక్కు పంపకండి, ఆమెకు ఉప్పు పనికిరాదు. మూడు దినాలు ఆమె ఆయాసం వింటూ కూర్చున్నాను. మారిస్తే అంతా అబద్ధమైపోతుందన్న డాక్టరమ్మ మాట నన్ను తిననియ్యలేదు.

శుక్రవారం పొద్దున బియ్యం ఏరుతూ చెప్పేశాను.

"సుజా, ముందుగాల రెండుసార్లు కోతే వచ్చింది బిడ్డా. నేనే మళ్ల మళ్ల కలిపిన. మూడోసారి నిన్ను పిలిచిన."

సుజాత అడిగింది, "మూడోది నా చేతికే వచ్చింది గదా. అది నా చీటీ కాదా మరి?"

నేను బియ్యం ఏరుతూనే ఉన్నాను, తమ్ముడూ. ఆమె చేతికి వచ్చింది ఆమెకు దేవుడు చెప్పిన మాటే అయితే, నేను బిడ్డను కోతకు పంపుతున్నాను. కాకపోతే, నేను దేవుని ముందర మోసం చేసి బిడ్డను మూడు రోజులు ఆపాను.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేటిదే కాదు. ఎందుకు చెప్పినవు?"

"నీ ఆయాసం వినలేక."

రవికెలోంచి ఆ చీటీ తీసి, సగం చెమటకు కరిగిన దాన్ని నా చేతిలో పెట్టింది. "పోదాం పట్టు అత్తా, చేయించుకుంట. గని ఒక్కటి, ఇగ చీటీలు తియ్యకు. నా కోసం తియ్యకు, ఎవరి కోసం తియ్యకు." ఆ తర్వాత నవ్వి, "మా నాయనకు చెప్తే నిన్ను దొంగ అంటడు" అన్నది. నమ్మి ఒప్పుకున్నదో, నన్ను చూసి జాలిపడి ఒప్పుకున్నదో తెలియదు. అడిగే ధైర్యం లేదు.

శంకర్ నిన్న పోయి చెప్పి వచ్చాడు. రేపు చేర్చుకుంటారు. గురువారం ఆపరేషన్. ఈ ఉత్తరం నీ చేతికి అందేసరికి అయిపోయి ఉంటుంది. మంచిగైనా టెలిగ్రామే ఇస్తాను, పోస్టుమ్యాన్‌ను చూసి గాబరా పడకు. బతుకమ్మకు రావద్దు. తర్వాత సుజాతను నేనే తోలుకొని వస్తాను. పటం ముందర కూర్చుంటున్నాను గాని, ఏం అడగాలో తెలియక చేతులు జోడించుకొని లేస్తున్నాను. నువ్వు గుడికి పోయి నా తరఫున మొక్కు. నీ మాటైతే సాగుతుందేమో.

అమ్మ పాదాలకు నా దండాలు. ఆమె దీవెన ఇప్పుడు మాకు కావాలి, ఎందుకో చెప్పకుండానే అడుగు. కమలకు బిడ్డ కొంచెం నీరసంగా ఉన్నదని మాత్రం చెప్పు. పద్మకు ముద్దులు.

ఈ కాగితాలు చింపకు, ఎవరికీ చూపకు. పెట్టె అడుగున దాచు. నా బిడ్డను ఎవరు కోయించారని కమల ఎప్పుడన్నా అడిగితే, కవరు సంగతి, చీటీల సంగతి, సుజాత తానే ఒప్పుకున్న సంగతి నువ్వొక్కడివే తీసి చదువుకో. ఆమెకు మాత్రం "మా అక్కే కోయించింది" అని చెప్పు.

నీ అక్క,
రాజమ్మ