బాపు చెవికి బోలుగా పలికిన తకిలి

గోదావరిఖని, 11-7-2006

అవ్వకు నీ తిరుమల రాసే దండాలు. ఈ కార్డును ఎవరూ లేనప్పుడు జమునక్కతో చదివించుకో.

ఉన్ని వడికేందుకు నువ్వు అడిగిన తకిలి కోసం నిన్న బాపూ నేనూ అంగడికి వెళ్లాము. బొగ్గుబాయిలో పైకప్పును కడ్డీతో కొట్టి వినే అలవాటుతో, బాపు ప్రతి తకిలినీ వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్కుమంటే గట్టిది, బోలుగా పలికితే లోపల పగులున్నట్టు. బోలు అన్న మాటలోనే ఆ ఖాళీ వినిపిస్తుంది కదా!

"తకిలి కొంటున్నవా గట్టన్నా, పుచ్చకాయ కొంటున్నవా?" అని అమ్మే ఆమె బాపును చూసి నవ్వింది.

"పన్నెండు తకిలీలూ బోలే బిడ్డా," అన్నాడు బాపు. నేను కొడితే అన్నీ టక్కుమన్నాయి. తేలికైనది ఒకటి కొన్నాను.

ఇంటికొచ్చి బాపు గడపనూ, గోడనూ, చివరికి నా నెత్తినీ కొట్టి విన్నాడు.

"చెవి పోయిందంటే బాయిలకు దిగనియ్యరు. ఎవ్వలకు చెప్పకు," అన్నాడు.

చెవి పోతే, కప్పు కూలబోతున్నట్టు ఆయనకెట్లా తెలుస్తుంది? సోమవారం నుంచి మొదటి షిఫ్టు. నీకు జ్వరమని కబురుపెట్టి ఆలోపే బాపును పిలిపించుకో, దవాఖానలో చూపించు.

నల్ల గొర్రె ఈనిందా? జమునక్కను తన పాత తెలుగు వాచకం పంపమను. తాతకు దండాలు.

ఇందాక తకిలిని మళ్లీ కొట్టి చూశాను. ఇవాళ నాకూ బోలుగానే పలికింది. బాపు విన్నదే నిజమో, నా భయమే అట్లా వినిపిస్తుందో తెలియట్లేదు. జల్ది పిలిపించు అవ్వా.