విమానాల మోతకు ఏ హెడ్‌ఫోన్?

చైత్రా,

అవ్వకు మాత్ర వేశాను, పాలు కాచాను, నల్లదీ తెల్లదీ హెడ్‌ఫోన్లు రెండూ ఛార్జింగ్ చేశాను. ఆఫీసులో ఇద్దరిని అడిగి తెచ్చినవి, జాగ్రత్త. ఎయిర్‌బేస్‌లో ఎయిర్‌షో రిహార్సల్ మొదలవగానే ఒక్కొక్కటీ పెట్టుకుని చదివి చూడు. నీకు నచ్చినదానిలాంటిదే నీ కాలేజీ పీయూసీ పరీక్షల లోపు కొంటాను.

పొద్దున నేను పెట్టుకుంటే ఒక వింత జరిగింది. ఫ్యాన్ మోత మాయమైంది గానీ కుక్కర్ కూత వినబడుతూనే ఉంది. విమానం మోతను ఏం చేస్తుందో చూడాలని నాకూ ఉంది, కానీ ఆఫీసుకు పోయే మెజెస్టిక్ బస్సుకు టైమైంది.

అవ్వ పెదాలు కదిలితే, హెడ్‌ఫోన్ తీసి ఏమిటని అడిగాను. "ఏమప్పా, చెవులకు టెంకాయ చిప్పలు కట్టుకోనుండావే!" అని నవ్వింది. నల్లదానిలో ఆమె గొంతు అసలు వినబడలేదు. తెల్లదానిలో కొంచెం వినబడింది. నువ్వు పక్కగదిలో కూర్చుని, తలుపు తెరిచిపెట్టి, నిన్ను పిలవమని అవ్వకు చెప్పి చూడు. నిశ్శబ్దం ఒక్కటే చూసి ఎంచుకోకు.

అన్న

ఇంకొక మాట. పోయిన నెల బాత్‌రూమ్ దగ్గర పడినప్పుడు కూడా అవ్వ ముందు మనల్ని పిలిచిందట. ఆమె ఒక్కసారే పిలుస్తుంది, పలకకపోతే తనే లేస్తుంది. చదువులో మునిగినా ఆమెను గుర్తుపెట్టుకోమ్మా.