గేటుకి కట్టిన తెల్ల తువ్వాలు

అక్టోబర్ 7, సోమవారం

ఫోన్‌కి కరెంటు కంపెనీ మెసేజ్ వచ్చింది. బుధవారం పొద్దున పదకొండింటికి కరెంటు తీసేస్తారట. గాలి గట్టిగా వీస్తుందట. తీగలు తెగి ఎండుగడ్డి మీద పడితే కొండంతా అంటుకుంటుందని వాళ్ళ భయం. ఈ సీజన్‌లో ఇది మూడోసారి.

బాత్‌టబ్ నిండా నీళ్ళు పట్టాను. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు. మనవరాలు జోసీ వచ్చి చూసి, టబ్ కడగకుండానే పట్టావా తాతా అంది. సబ్బు నీళ్ళతో కాఫీ కాస్తే గిన్నె వేరే తోమక్కర్లేదన్నాను. మొత్తం పారబోసి మళ్ళీ పట్టింది.

అక్టోబర్ 8

రోడ్డుకి అవతల తమ్ముడు లైల్ ఇంటికి వెళ్ళాను. నలభై ఏళ్ళు కలప కోత మిల్లులో రంపపు పొట్టు పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ముక్కుకి గొట్టం, గొట్టానికి ఆక్సిజన్ మెషీన్, మెషీన్‌కి కరెంటు. కరెంటు పోతే రెండు బ్యాటరీలు, ఒక్కోటి నాలుగు గంటలు. తర్వాత ఒక సిలిండర్, ఆరు గంటలు. గాలిని కూడా ప్లగ్ పెట్టి పీల్చే దొరవి ఈ కొండ మీద నువ్వొక్కడివే రా అన్నాను. నవ్వాడు. దగ్గాడు. మళ్ళీ నవ్వాడు.

పోయినసారి కొండ ఖాళీ చేయించినప్పుడు వాణ్ణి కింద స్కూలు జిమ్‌లో పెట్టారు. అక్కడెవరో చర్చి ఆవిడ అందరి ముందూ చెంచాతో సూప్ తాగించిందట. చచ్చినా మళ్ళీ వెళ్ళనన్నాడు. షెరిఫ్ మనుషులు మోసుకెళ్తారు రా అన్నాను. వాళ్ళని తప్పించుకునే ఉపాయం చెప్పమన్నాడు.

అందులో నన్ను మించినవాడు లేడు. ఇక్కడ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు గేటుకి తెల్ల తువ్వాలు కడతారు. అది చూస్తే షెరిఫ్ మనుషులు తలుపు కొట్టరు, పై ఇంటికి పోతారు. నువ్వూ ఒకటి కట్టి లోపల కూర్చో, చావొచ్చినా ఎవరూ లేరనుకుని వెనక్కి పోతుంది అన్నాను.

చాలాసేపు నవ్వాడు.

అక్టోబర్ 9, మధ్యాహ్నం

పదకొండింటికి తీసేశారు. ఫ్రీజర్‌లో జింక మాంసం పాడయ్యేలోపు గ్యాస్ మీద వండేశాం. లైల్‌కి ఒక గిన్నె ఇచ్చొచ్చాను. ఉప్పెక్కువైందన్నాడు, గిన్నె నాకేసి మరీ. మంటొస్తే మిల్లు స్నేహితుడు హోలిస్ పికప్‌లో తీసుకెళ్తాడట.

సాయంత్రం 6, స్కూలు జిమ్

నాలుగింటికి పడమటి గట్టు మీద పొగ లేచింది. అందరూ దిగిపోవాలన్నారు. లైల్ గేటు దగ్గర జోసీ బండి ఆపబోయింది. గేటుకి తువ్వాలు ఎగురుతోంది. హారన్ కొట్టనా తాతా అంది. వద్దన్నాను. మనకన్నా ముందే పారిపోయాడు పిరికివెధవ, పోనీ అన్నాను.

ఇక్కడ లేడు. హోలిస్ వాళ్ళ కూతురింటికి తీసుకెళ్ళి ఉంటాడు. ఫోన్ టవర్లకీ కరెంటు లేదు.

అక్టోబర్ 10

పొద్దున ఎనిమిదింటికి హోలిస్ కాఫీ కోసం జిమ్‌కి వచ్చాడు. మా వాణ్ణెక్కడ దాచావన్నాను. నిన్న మధ్యాహ్నమే వేరే బండి దొరికిందని చెప్పాడే అన్నాడు. ఎవరి బండి అంటే అడగలేదన్నాడు.

అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండు నించి పద్నాలుగు గంటలు. రాత్రి ఒంటిగంటకే ఆక్సిజన్ అయిపోయి ఉంటుంది.

కొండ కింద రోడ్డు మూసేశారు. అక్కడ షెరిఫ్ ఆఫీసు పిల్ల ఒకతి ఉంటే లైల్ ఇంటి సంగతి చెప్పాను. ఆ రోడ్డంతా రెండుసార్లు తిరిగామండీ, ఆ గేటుకి తువ్వాలుంది, లోపల ఎవరూ లేరు అంది.

"ఆ తువ్వాలు అబద్ధం," అన్నాను. "వాడికి నేనే నేర్పాను."

నావైపు ఒక్కసారి చూసి రేడియో అందుకుంది.

గంట గడిచింది. జోసీ నా చేతిలో నీళ్ళ సీసా పెట్టింది. తిడితే బాగుండు.

దొరికాడు. వంటింట్లో కుర్చీలో. పెదాలు నీలం. సిలిండర్‌కి మూడు మీద ఉండాల్సిన మీటను ఒకటికి తిప్పి, కదలకుండా మెదలకుండా ఆ గాలినే రాత్రంతా సాగదీశాడు. బతికే ఉన్నాడు.

అక్టోబర్ 11

ఆసుపత్రి. ముఖానికి మాస్క్. నన్ను చూసి దాన్ని కొంచెం ఎత్తాడు.

"అన్నా, వీళ్ళెవరూ నాకు సూప్ పట్టకుండా చూడు."

"నేనే పడతాలే," అన్నాను. "గరిటెతో."

కళ్ళు మూసుకుని నవ్వాడు. వేరే మాట చెప్పాలని వెళ్ళాను. ఇదొచ్చింది నోటికి. రేపు చెప్తాను.

అక్టోబర్ 12

లైల్ పోయాడు. పొద్దున ఆరున్నరకి.

అక్టోబర్ 14

కరెంటు వచ్చింది. మంట మా కొండ ఎక్కలేదు. కంపెనీవాళ్ళు తీగల వెంట నడిచి చూసుకుంటూ వచ్చారు. లైల్ ఇంటి వెనక పైన్ కొమ్మ విరిగి తీగల మీద పడి ఉందట. కరెంటు ఉండుంటే అందరం పోయేవాళ్ళమట. ఇంక ఎవర్ని తిట్టేది?

నువ్వు చెప్పకపోయినా చిన్నతాత అదే చేసేవాడు అంది జోసీ. లేదు. వాడికి సొంతంగా ఒక్క తుంటరి ఆలోచన వచ్చి ఎరగడు. చిన్నప్పటినించీ చెప్పేది నేను, చేసేది వాడు. దెబ్బలు తినేదీ వాడే.

అక్టోబర్ 21

గురువారం మళ్ళీ గాలట.

లైల్ ఇల్లు సర్దుతుంటే తలుపు చప్పుడైంది. కంపెనీ కుర్రాడు. మెషీన్ల మీద బతికేవాళ్ళ ఇంటికి మనిషే స్వయంగా వచ్చి చెప్పాలట. చేతిలో లిస్టు. లైల్ గారేనా అన్నాడు.

అవునన్నాను.

గురువారం కరెంటు పోతుందండీ, ఎక్కడికైనా వెళ్తారా అన్నాడు.

మా అన్నతో వెళ్తాను అన్నాను. సంతకం పెట్టాను.