తారుమారైన రెండు చీటీలు

చెల్లీ, దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం.

మరిదిగారు పోయి మూడు నెలలైనా కాకముందే పకపకా నవ్వానని, నవ్వుకంటే దుఃఖమే మేలని బైబిల్లో ఉండగా తప్పు చేశానని రాశావు. సంతోషంగా ఉండే మనసు మందులా పనిచేస్తుందని కూడా అందులోనే ఉంది కదా. ఆ రెండూ ఎలా పొసగుతాయో మొన్నటిదాకా నాకూ తెలియలేదు.

మా ప్రార్థన కూటంలో ఎవరు ఏ ఇంటికి వెళ్లాలో చీటీలు రాసేది నేనే. ఎన్నడూ పొరపాటు పడనిదాన్ని, మొన్న ఇంటి నంబర్లు తారుమారు చేశాను. బాలింతను చూడాల్సినవాళ్లు పసిబిడ్డ టోపీ పట్టుకుని, భార్య పోయిన గడియారాల మేస్త్రి ఇంటికి వెళ్లారు. ఆయన దాన్ని బట్టతలమీద పెట్టుకుని, "మా ఆవిడ చూస్తే కడుపుబ్బ నవ్వేదమ్మా!" అని తనే నవ్వి, ఆ వెంటనే తనివితీరా ఏడ్చాడట. ఆయన్ని ఓదార్చడానికి బయల్దేరినవాళ్లు బాలింత పక్కన మౌనంగా కూర్చుంటే, "అందరూ సంతోషించమనేవాళ్లే అక్కా, నాకేమో నిద్రలేక ఏడుపొస్తోంది" అని ఆ పిల్ల భోరుమందట. మర్నాడు రెండిళ్లవాళ్లూ నాకు కృతజ్ఞతలు చెబుతుంటే తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

నువ్వు నవ్వినంతమాత్రాన మరిదిగారిమీద ప్రేమ తగ్గినట్టు కాదు. వంటింటి కుళాయి బాగుచేయించావా? నా అల్లిక సూదులు నీ దగ్గరే ఉండిపోయాయి, పంపు. ఇంత రాశావు కానీ, దేనికి నవ్వావో రాయలేదు. ఈసారి కార్డులో ముందు అదే రాయి. పిల్లలకు దీవెనలు.

మీ అక్క